తీగ వాద్య సాధనలో చేతుల గురించి అతిగా ఆలోచించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తీగ వాద్యం నేర్చుకునేవారిలో శ్రద్ధ ఎక్కువగా ఉన్నవారికే ఒక ఇబ్బంది తరచుగా ఎదురవుతుంది. బొటనవేలు ఎక్కడ ఉంది, మణికట్టు వంగిందా, మోచేయి ఎత్తు సరిపోయిందా, భుజం పైకి లేచిందా అని వాయిస్తున్నంతసేపూ తమను తాము పరీక్షించుకుంటూ ఉంటారు. చివరికి నిన్న సునాయాసంగా పలికిన స్వరం కూడా ఇవాళ పలకని స్థితికి వస్తారు. ఇది బద్ధకం వల్ల వచ్చినది కాదు కాబట్టి మరో రెండు గంటలు కూర్చుంటే పోయేది కాదు; అదే పద్ధతిలో సాధన సాగితే మరింత ముదురుతుంది. ఈ జవాబులు అటువంటివారి కోసం రాసినవి. ఉదాహరణలు ఎక్కువగా వయొలిన్ నుంచి తీసుకున్నాను గానీ చెల్లో, గిటార్, వీణ, సితార్ సాధకులకూ విషయం ఇదే.

అతిగా ఆలోచించడం అని దేన్ని అంటారు? సాధనకు జాగ్రత్త అవసరం కదా?

జాగ్రత్త తప్పక అవసరం. ఎంత ఆలోచించారన్న దానికన్నా ఎప్పుడు ఆలోచించారన్నది ఇక్కడ ముఖ్యం. కమాను, అంటే బౌ, తీగ మీద పెట్టక ముందు మోచేయి ఎత్తు గురించి ఆలోచించడం జాగ్రత్త. వాయించి ఆపిన తర్వాత ఆ స్వరం ఎందుకు గరగరలాడిందో వెతకడం కూడా జాగ్రత్తే. కమాను కదులుతుండగా, స్వరం మోగుతుండగా, మోచేయిని కనిపెట్టుకుని ఉండి దాన్ని క్షణక్షణమూ నడిపించాలని చూడటాన్ని అతి ఆలోచన అనవచ్చు.

దీన్ని గుర్తించడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఒక చిన్న పలుకు వాయించి ఆపిన వెంటనే, అది ఎలా వినబడిందో మీ నోటితో పాడి చూపడానికి ప్రయత్నించండి. మణికట్టు ఏం చేసిందో వివరంగా చెప్పగలిగి, ధ్వని ఎలా ఉందో మాత్రం చెప్పలేకపోతే, ఆ కొద్ది క్షణాలూ మీ చెవి పనిలో లేదని అర్థం.

చేతిని గమనిస్తూ వాయిస్తే వాయింపు ఎందుకు చెడుతుంది?

మొదటి కారణం కాలం. నిమిషానికి 120 బీట్ల వేగంలో బీటుకు నాలుగు స్వరాల చొప్పున వాయిస్తే ఒక్కో స్వరానికి దక్కేది 0.125 సెకను. ఒక ధ్వని విని, దానికి స్పందనగా చేయి కదపడానికి మనిషికి సుమారు 0.15 సెకను పడుతుంది. అంటే ఒక స్వరంలో తప్పు గమనించి వేలిని సరిదిద్దేలోపే తర్వాతి స్వరం మొదలై ఉంటుంది, మీరు చేసిన దిద్దుబాటు దిద్దవలసిన స్వరం మీద కాక దాని పక్కనున్న మంచి స్వరం మీద పడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ 1951లోనే ఈ సంగతిని ఎత్తి చూపారు. వాద్యకారుల వేళ్లు కొన్ని సందర్భాల్లో సెకనుకు 16 సార్లు కదులుతాయి కాబట్టి ఒక కదలిక పూర్తయిన సమాచారం అందుకున్నాక రెండోది మొదలవుతుందనుకోవడానికి వీలులేదని, ఆ వరుస మొత్తం ముందే సిద్ధమై ఉండాలని ఆయన వాదన. వైబ్రాటో, అంటే స్వరాన్ని ఊపడానికి వేలిని ఆడించడం, కూడా అంతే. సెకనుకు దాదాపు 5 నుంచి 7 సార్లు ఊగే వేలిని ప్రతి ఊపులోనూ ఆలోచనతో నడపడం ఎవరికీ సాధ్యం కాదు.

రెండో కారణం శరీరం తన పనిని పంచుకునే తీరులో ఉంది. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రష్యన్ శరీరశాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్ 1920లలో అనుభవజ్ఞులైన పనివారు సుత్తితో కొట్టే తీరును చిత్రాల వరుసగా తీసి పరిశీలించారు. సుత్తి కొస దాదాపు ప్రతిసారీ ఒకే చోట పడుతున్నా, భుజమూ మోచేయీ మణికట్టూ నడిచిన దారులు మాత్రం దెబ్బదెబ్బకూ వేరుగా ఉన్నాయి. ఒక కీలు కొంచెం ఎక్కువ కదిలితే మరో కీలు ఆ మేరకు తగ్గి, ఫలితాన్ని చెడకుండా కాపాడుతోందన్న మాట. వయొలిన్ వాయించే చేయి కూడా ఇలాగే పనిచేస్తుంది. కమాను తీగను తాకే చోటు నిలకడగా ఉండటం కోసం మోచేయీ మణికట్టూ వేళ్లూ లోపల లోపలే ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటాయి. మోచేయి మాత్రం ఒకే ఎత్తున ఉండి తీరాలని మీరు దాన్ని బిగించి పట్టుకుంటే, ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతుంది. మోచేయి మీరు కోరినట్టే ఉంటుంది, కమాను మాత్రం వంకర పోతుంది.

మూడోది బిగువు. ఒక కీలును నిఘాలో పెట్టిన క్షణంలో దాన్ని వంచే కండరమూ, చాచే కండరమూ రెండూ ఒకేసారి పట్టుకోవడం మొదలుపెడతాయి. చెయ్యి నిలకడగా ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ ఆ నిలకడలో కదలిక చచ్చిపోతుంది.

ఇది కేవలం అనుభవంతో చెబుతున్న మాటా, పరిశోధనల్లో తేలిందా?

పరిశోధనల్లో చాలాసార్లు తేలింది. గాబ్రియెలె వుల్ఫ్, ఆమె సహచరులు 1998లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, స్కీయింగ్‌ను పోలిన ఒక యంత్రం మీద కొందరికి పాదాలతో పెట్టే ఒత్తిడి మీద, మరికొందరికి ఆ పాదాల కిందనే ఉన్న చక్రాల మీద దృష్టి పెట్టమని చెప్పారు. రెండిటి మధ్య దూరం అతి స్వల్పం. అయినా చక్రాల మీద దృష్టి పెట్టినవారే మెరుగ్గా నేర్చుకున్నారు. శరీరం మీద పెట్టిన దృష్టి, మామూలుగా దానంతటది సాగిపోయే నియంత్రణకు అడ్డు తగులుతుందని వుల్ఫ్ బృందం తర్వాత వివరించింది.

సంగీతానికి దగ్గరగా ఉన్నది రాబర్ట్ డ్యూక్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం. కీబోర్డు మీద ఒక చిన్న వరుస వాయించే సంగీత విద్యార్థులను వేళ్ల మీద, మీటల మీద, లోపలి సుత్తుల మీద, ధ్వని మీద వేర్వేరుగా దృష్టి పెట్టమన్నారు. నేర్చుకున్న వరుసను కొద్దిగా మార్చి ఇచ్చినప్పుడు, దృష్టి వేళ్లకు దూరంగా, ఫలితానికి దగ్గరగా ఉన్నవారి వాయింపే ఎక్కువ సమంగా వచ్చింది. అది తీగ వాద్యం కాకపోయినా, వేలి కొసకూ చెవికీ మధ్య జరిగే వ్యవహారం మాత్రం మనదే.

అయితే టెక్నిక్ గురించి అసలు ఆలోచించకుండా వాయిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఈ పొరపాటు మొదటిదాని కన్నా తక్కువ ప్రమాదకరమైనదేమీ కాదు. పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ 1967లో నైపుణ్యం ఎదిగే క్రమాన్ని మూడు దశలుగా చెప్పారు. ఏం చేయాలో బుద్ధితో గ్రహించే దశ ఒకటి, తప్పులు తగ్గుతూ కదలికలు ఒకదానితో ఒకటి అతుక్కునే దశ రెండోది, ఆలోచన లేకుండానే సాగిపోయే దశ మూడోది. మొదటి దశలో చేతి గురించి ఆలోచించక తప్పదు. కమాను పట్టుకోవడమే తెలియని మనిషికి ధ్వని మీద దృష్టి పెట్టమని చెబితే ఆ మాట వల్ల ఒరిగేదేమీ ఉండదు.

వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ (1916–1999) జీవితం ఇందుకు మంచి ఉదాహరణ. బాల్యంలోనే ప్రపంచ ప్రసిద్ధుడైన ఆయన అప్పట్లో ఎక్కువగా సహజ స్ఫూర్తి మీదే ఆధారపడి వాయించారు. పెద్దయ్యాక ఆ సహజత్వం సడలినప్పుడు, ఏది ఎలా జరుగుతోందో తెలియక, మౌలిక విషయాలను మొదటి నుంచీ పరిశీలించుకోవలసి వచ్చింది. ఎంత గొప్ప ప్రతిభకైనా తన చేతి పని గురించి తెలుసుకోవలసిన సమయం ఒకటి వస్తుందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

తెలుగులో నైపుణ్యం వచ్చినవారిని ‘చేయి తిరిగినవారు’ అంటాం. చేయి తిరగాలంటే దాన్ని ముందు ఎవరో ఒకరు తిప్పాలి, ఆ తిప్పేది ఆలోచనే. తిరగడం మొదలయ్యాక కూడా పట్టు వదలకుండా ఉంటే అదే అడ్డవుతుంది.

వాయిస్తున్నప్పుడు చేతి మీద కాకపోతే దేని మీద దృష్టి పెట్టాలి?

తీగ మీద, ధ్వని మీద, రాబోయే స్వరం మీద. ఇవి గాలిలో చెప్పే మాటలు కావు, ఎందుకంటే తీగ తన పరిస్థితిని తానే స్పష్టంగా చెబుతుంది.

కమాను కదిలేటప్పుడు దాని వెంట్రుకలు తీగను పట్టుకుని కొంత దూరం లాగి వదిలేస్తాయి, మళ్లీ పట్టుకుంటాయి. 440 హెర్ట్జ్ స్వరం పలుకుతున్నప్పుడు ఈ పట్టు విడుపులు సెకనుకు 440 సార్లు జరుగుతాయి. ఈ కదలికను 19వ శతాబ్దంలో హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ వివరించారు. అది సక్రమంగా సాగాలంటే కమాను ఒత్తిడి ఒక కనిష్ఠానికీ ఒక గరిష్ఠానికీ మధ్య ఉండాలని, కమాను బ్రిడ్జికి, అంటే తీగలను మోసే చెక్క గుర్రానికి, దగ్గరయ్యేకొద్దీ ఆ రెండింటి మధ్య జాగా ఇరుకవుతుందని జాన్ షెల్లెంగ్ 1973లో లెక్కలతో చూపారు. సాధకుడికి దీనివల్ల కలిగే ప్రయోజనం చాలా పెద్దది. ఒత్తిడి చాలకపోతే స్వరం పైపైన తేలి ఈలలా వినబడుతుంది, ఎక్కువైతే గీరుకుంటుంది. రెండూ లేనప్పుడు తీగ నిండుగా మోగుతుంది. చూపుడువేలు ఎంత నొక్కుతోందో, దాదాపు 60 గ్రాముల బరువున్న ఆ కమానును చేయి ఎలా మోస్తోందో విడిగా తూచి చూడవలసిన పనిలేదు. ఆ తూకం చెవికి అందుతూనే ఉంటుంది.

ఎడమ చేతికీ ఇలాంటి సాక్ష్యం ఉంది. వయొలిన్ తీగ మోగే పొడవు సుమారు 328 మిల్లీమీటర్లు. చేయి వాద్యం తలభాగానికి దగ్గరగా ఉండే మొదటి పొజిషన్‌లో వేలు ఒక మిల్లీమీటరు జరిగితే శ్రుతి సుమారు 6 సెంట్లు మారుతుంది, ఒక స్థాయి పైకి వెళ్లాక అదే మిల్లీమీటరుకు 10 సెంట్లు దాటుతుంది. సెంటు అంటే శ్రుతి తేడాకు కొలత; సెమిటోన్‌కు, అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరానికి, 100 సెంట్లు. ఇంత సూక్ష్మమైన దూరాన్ని చేతి ఆకారం గురించిన నియమాలతో కొలవలేం. కానీ నొక్కిన స్వరం పక్కనున్న ఖాళీ తీగ స్వరంతో గానీ దాని పై స్థాయితో గానీ సరిగ్గా కలిసినప్పుడు, ఎవరూ తాకని ఆ తీగ తనంతట తానే కంపిస్తుంది. ఆ ప్రతిధ్వని కోసం వెతుకుతూ వాయించే వేలు, కొద్ది వారాల్లో తన చోటు తానే కనుక్కుంటుంది.

కాబట్టి చేతికి సంబంధించిన ప్రతి సూచననూ తీగకు సంబంధించిన సూచనగా మార్చుకోవడం మంచి అభ్యాసం. ‘మణికట్టు వదులు చెయ్యాలి’ అన్న సూచనకు బదులు ‘కమాను తిరిగేచోట ధ్వని తెగకూడదు’ అనుకోవచ్చు. ‘మోచేయి ఎత్తాలి’ అనుకునే చోట ‘పక్క తీగ రాసుకోకూడదు’ అనుకోవచ్చు. గిటార్ వాయించేవారు ‘వేలు నిటారుగా ఉండాలి’ అనే బదులు ‘కింది తీగ కూడా మోగాలి’ అనుకుంటే, వేలు నిటారు కాక మరో దారి ఉండదు.

సాధన సమయాన్ని ఎలా అమర్చుకోవాలి?

ఒక్కో ప్రయత్నాన్ని మూడు ముక్కలుగా చూడండి. మొదట ఆగి, ఏ ఒక్కదాన్ని మార్చదలచారో నిర్ణయించుకోండి. కమాను తీగ మీద పెట్టి, చేతిని ఆ స్థితిలో ఒకసారి అమర్చుకోండి. తర్వాత ఆ ఆలోచన వదిలి, వినబడవలసిన ధ్వనిని మనసులో విని, ఆపకుండా వాయించండి. ఆ పైన వాయిద్యం దించి, ఏం వినబడిందో చెప్పుకోండి. నడుమ ముక్కలో తప్పు వచ్చినా మధ్యలో ఆగవద్దు, ఎందుకంటే ఆగడం కూడా అభ్యాసంలో భాగమై, అదే చోట చేయి ఆగడం నేర్చుకుంటుంది.

ముక్క చిన్నదిగా ఉండాలి. నాలుగు నుంచి ఎనిమిది స్వరాలు చాలు. మనిషి ఒకేసారి మనసులో నిలుపుకోగల అంశాలు నాలుగు వరకే అని నెల్సన్ కోవన్ 2001లో ప్రతిపాదించారు. వాటిలో శ్రుతికీ లయకూ చోటు ఇచ్చాక టెక్నిక్‌కు మిగిలేది ఒకటి. అందుకే ‘ఒక్కటి’ అన్న మాట మీద నేను పట్టుబడతాను.

రెండు మూడు మార్లు బాగా వచ్చాక అదే ముక్కను ముప్పై సార్లు తిరగవేయడం కన్నా, మరో ముక్కకు వెళ్లి పది నిమిషాల తర్వాత తిరిగి రావడం మేలు. కలగలిపి చేసిన అభ్యాసం ఆ సమయంలో తడబాటుగా కనిపించినా, తర్వాత ఎక్కువగా నిలుస్తుందని జాన్ షే, రాబిన్ మోర్గన్ 1979లోనే చూపారు. అతి ఆలోచన ఉన్నవారికి ఇందులో మరో లాభం కూడా ఉంది. ఒకే చోట కూర్చుని గెలికే అవకాశం తగ్గుతుంది.

మెల్లగా వాయిస్తూ ప్రతి కదలికనూ పరిశీలించమంటారు. అది తప్పా?

తప్పు కాదు, కానీ దానికి ఒక హద్దు ఉంది. మెల్లగా వాయించడం చెవికి సమయం ఇవ్వడం కోసం. ఆ సమయాన్ని చెవికి ఇవ్వకుండా వేళ్లను లెక్కబెట్టడానికి వాడితే, అది అతి ఆలోచనకు తగిన నేల అవుతుంది. పైగా కొన్ని కదలికలు వేగంలోనే వాటి అసలు రూపంలో ఉంటాయి. కమాను తీగ మీద దానంతటది గెంతే స్పికాటోను బాగా మెల్లగా చేస్తే, గెంతు పోయి ప్రతిసారీ చేత్తో ఎత్తి పెట్టే మరో కదలిక మిగులుతుంది. అందువల్ల మెల్లని సాధన మధ్యలో, కొద్ది స్వరాలను అసలు వేగంలో వాయించి చూడటం అవసరం.

‘వదులుగా ఉంచు’ అనుకున్నకొద్దీ చేయి ఇంకా బిగుస్తోంది. ఏం చేయాలి?

వదులు చేయమని కండరానికి ఆజ్ఞ ఇవ్వడం కూడా దాన్ని నిఘాలో పెట్టడమే కాబట్టి ఇలా జరుగుతుంది. బిగువును తీసేయాలని చూడకుండా, బిగువుతో చేయడానికి వీలుకాని పనిని చేతికి ఇవ్వండి. ఎడమ చేతికైతే, వేలిని తీగ మీద తేలికగా ఆనించి హార్మోనిక్, అంటే తీగను నొక్కకుండా తాకితే వచ్చే పలచని పై స్వరం, వినబడేంత మాత్రమే తాకండి, తర్వాత స్వరం స్పష్టంగా వచ్చే క్షణం వరకు కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచండి. ఆ క్షణంలో ఉన్నదే చాలినంత ఒత్తిడి. చాలామంది అంతవరకు ఎంత అనవసరంగా నొక్కుతున్నారో అప్పుడే తెలుసుకుంటారు. కుడి చేతికైతే, కమాను మధ్య నుంచి కొసకు పొడవుగా లాగి, కొస దాటాక చేయి గాలిలో గుండ్రంగా తిరిగి మళ్లీ మధ్యలో దిగేలా పదిసార్లు చేయండి. బిగించిన చేయి అలా తిరగలేదు.

మరొకటి, ఊపిరి. కష్టమైన చోట ఊపిరి బిగపట్టడం దాదాపు అందరిలోనూ కనిపిస్తుంది. ఆ చోటికి వచ్చేటప్పుడు ఊపిరి వదలాలని మాత్రం నిర్ణయించుకుంటే, భుజాల సంగతి చాలావరకు అదే చూసుకుంటుంది.

గొప్ప వాద్యకారులు ఒక్కొక్కరు ఒక్కో విధంగా పట్టుకుంటున్నారు. ఏది సరైన పద్ధతి?

వయొలిన్ విద్వాంసుడు యాషా హైఫెట్జ్ షోల్డర్ రెస్ట్, అంటే వాద్యం కింద భుజానికి ఆనించే ఆసరా, వాడలేదు, కుడి మోచేయి బాగా ఎత్తుగా ఉంచేవారు. ఫ్రాంకో-బెల్జియన్ అనే మరో వయొలిన్ సంప్రదాయంలో నేర్చుకున్నవారి కమాను పట్టు ఆయన పట్టులా ఉండదు. కర్ణాటక వయొలిన్ విద్వాంసులు కూర్చుని, వాద్యం తలభాగాన్ని పాదం మీద ఆనించి, చేయి వాద్యాన్ని మోయవలసిన భారం లేకుండా గమకాలు పలికిస్తారు. ఇందరిలో ఒకరు సరి, తక్కినవారు తప్పు అనడానికి ఆధారం లేదు. చేతి పొడవు, మెడ పొడవు, వేళ్ల నిడివి, పలికించదలచిన సంగీతం ఇవన్నీ కలిసి ఒక పద్ధతిని తయారుచేస్తాయి.

నేను చిటికెనవేలి వంపు గురించి దాదాపు ఒక ఏడాది బాధపడ్డాను. ఒక ప్రసిద్ధ వాద్యకారుని ఫొటోలో చూసిన వంపు నా వేలికి రాకపోవడమే నా లోపమనుకున్నాను. నా చిటికెనవేలు ఉంగరపువేలితో పోలిస్తే పొట్టిదని, అందుకు తగ్గట్టు బొటనవేలిని కొద్దిగా జరిపితే సరిపోతుందని తెలిసిన రోజు కమాను తేలికైపోయింది. ఫొటోలో ఉన్నది ఒక చేయి ఒక క్షణంలో ఉన్న స్థితి మాత్రమే. దాన్ని మరో చేతికి అచ్చు వేయకూడదు.

గురువు ఒక్క పాఠంలో ఆరు తప్పులు చెబుతారు. అన్నీ గుర్తుంచుకుని వాయించడం ఎలా?

అన్నీ రాసుకోండి, ఒకటి మాత్రం ఎంచుకోండి. ఏది ఎంచుకోవాలో గురువునే అడగండి: ‘ఈ వారం వీటిలో ముందుగా దేని మీద పని చేయమంటారు?’ ఈ ప్రశ్నకు ఏ మంచి గురువూ నొచ్చుకోరు. చాలాసార్లు ఆరు తప్పులకూ మూలం ఒక్కటే ఉంటుంది. భుజం ఎత్తి పట్టుకోవడం వల్ల మోచేయి లాక్కుపోతుంది, దానివల్ల మణికట్టు వంగుతుంది, దానివల్ల కమాను వంకరవుతుంది. మూలం దొరికితే తక్కినవి విడిగా దిద్దవలసిన అవసరం తగ్గుతుంది.

అద్దం ముందు సాధన చేయవచ్చా? వీడియో తీసుకోవాలా?

రెండిట్లో వీడియో మేలు. వాయిస్తున్నప్పుడు చూసుకోనక్కరలేకపోవడమే దాని గుణం. పరిశీలన తర్వాతి సమయానికి వెళ్లిపోతుంది, వాయించే సమయం వినడానికి మిగులుతుంది. మొదట బొమ్మ చూడకుండా ధ్వని మాత్రం విని, ఎక్కడ చెడిందో గుర్తించి, ఆ చోట మాత్రమే బొమ్మ చూడండి. అద్దాన్ని కమాను బ్రిడ్జికి సమాంతరంగా వెళుతోందా అని చూడటానికి కొద్ది నిమిషాలు వాడితే చాలు.

ఒంటరిగా బాగా వస్తుంది, నలుగురి ముందు చేయి మొరాయిస్తుంది. దీనికీ అతి ఆలోచనకూ సంబంధం ఉందా?

దగ్గరి సంబంధం ఉంది. రిచర్డ్ మాస్టర్స్ 1992లో కొత్తవారికి గోల్ఫ్ బంతిని గుంతలోకి నెట్టడం నేర్పినప్పుడు, కొందరికి వివరమైన నియమాలు ఇచ్చారు, మరికొందరిని నియమాలు పోగు చేసుకునే వీలు లేకుండా మరో పనిలో మనసు పెట్టించి అభ్యాసం చేయించారు. ఒత్తిడి పెట్టినప్పుడు నియమాలతో నేర్చుకున్నవారి ఆట వెనకపడింది, రెండోవారిది అలా వెనకపడలేదు. భయం కలిగినప్పుడు మనసు తనకు తెలిసిన నియమాలన్నిటినీ వెలికితీసి, అప్పటికే సాఫీగా సాగుతున్న కదలికలో వాటిని అమలు చేయబోతుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

అందువల్ల కచేరీకి వారం ముందు టెక్నిక్‌లో ఏ మార్పూ మొదలుపెట్టవద్దు. ఆ వారంలో మొదటి నుంచి చివరి వరకు ఆపకుండా వాయించడం, ఒకరిద్దరిని కూర్చోబెట్టుకుని వాయించడం ఎక్కువ ఉపయోగపడతాయి. వేదిక మీద మొదటి స్వరం ఎత్తుకునే ముందు, ఆ స్వరాన్ని మనసులో స్పష్టంగా వినండి, దాని వేగంలోనే ఒక ఊపిరి తీసుకోండి. చేతులకు ఇవ్వవలసిన ఆజ్ఞ అంతే.

పాత అలవాటు ఒకటి నిజంగానే తప్పు. దాన్ని మార్చాలంటే ఆలోచించక తప్పదు కదా?

తప్పదు. కానీ ఆ పనిని వేరే గదిలో పెట్టినట్టు విడిగా ఉంచండి. రోజూ సాధన మొదట్లో, మనసు తాజాగా ఉన్నప్పుడు, పది పదిహేను నిమిషాలు ఖాళీ తీగల మీద గానీ, చాలా తేలికైన స్వరాల మీద గానీ కొత్త కదలిక చేయండి. అక్కడ చేతిని ఎంతైనా గమనించుకోవచ్చు. ఆ తర్వాత అసలు సంగీతం వాయించేటప్పుడు పాత అలవాటు వచ్చినా పట్టించుకోవద్దు. మొదట్లో ఇది అన్యాయంగా అనిపిస్తుంది, తెలిసీ తప్పు వాయిస్తున్నట్టు ఉంటుంది. కానీ కొత్త కదలిక తేలిక స్వరాల్లో చెయ్యి తిరిగినకొద్దీ కష్టమైన వాటిలోకి దానంతటదే పాకుతుంది. సమయం మాత్రం వారాల్లో కన్నా నెలల్లో లెక్కపెట్టుకోవాలి.

పెద్దవయసులో మొదలుపెట్టినవారికే ఈ సమస్య ఎక్కువా?

నేను గమనించినంతలో అవును. పెద్దవారు ఏదైనా అర్థం చేసుకున్నాక చేయడానికి అలవాటుపడి ఉంటారు. పిల్లలు ముందు చేసేసి, అర్థం తర్వాత తెలుసుకుంటారు. పెద్దవారి ఈ గుణం లోపం కాదు. సాధనను అమర్చుకోవడంలో, తప్పుకు మూలం వెతకడంలో అది పిల్లలకు లేని బలం. దాన్ని కమాను కదులుతున్న సమయంలో వాడకుండా ఉంటే చాలు. పిల్లలకు నేర్పేవారు కూడా వారిచేత పెద్దవారిలా మణికట్టు గురించి మాట్లాడించకుండా, ధ్వనిని పొడవుగా, గుండ్రంగా, గుసగుసలా, పిలుపులా పలికించమని అడిగితే, చేతులు వాటంతటవే ఆకారం తెచ్చుకుంటాయి.

నొప్పి వస్తోంది. అది కూడా అతి ఆలోచన వల్లేనా?

నొప్పిని ఈ ఖాతాలో వేయవద్దు. ఆపండి, తగ్గకపోతే వైద్యుడిని కలవండి. నొప్పి లేకుండానే ఒక వేలు వాయించేటప్పుడు మాత్రం ముడుచుకుపోవడం, మాట వినకపోవడం, వేరే పనుల్లో మామూలుగా ఉండటం గమనిస్తే అది ఫోకల్ డిస్టోనియా కావచ్చు. అది నాడీవ్యవస్థకు సంబంధించినది, సాధన పెంచితే తగ్గేది కాదు. సంగీతకారుల సమస్యలు తెలిసిన నరాల వైద్యులకు చూపించుకోవాలి. ఆలస్యం చేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇవన్నీ తెలిసినా, వాయిస్తుండగా ఆలోచన వచ్చి పడుతుంది. ఆ క్షణంలో ఏం చేయాలి?

దానితో పోట్లాడవద్దు. ‘ఆలోచించకూడదు’ అనుకోవడం ఇంకో ఆలోచన అవుతుంది. ప్రస్తుతం మోగుతున్న స్వరం చివర ఎలా ముగుస్తుందో వినడానికి చెవిని పంపండి. ఆ కొస వరకు విని, తర్వాతి స్వరం కొసను వినండి. అలా నాలుగైదు స్వరాలు దాటేసరికి చేయి తన పనిలో పడిపోతుంది. రోజులో ఆ ప్రయత్నం ఎంతకీ కుదరకపోతే, కాగితం పక్కన పెట్టి, ఏనాడో కంఠతా వచ్చిన ఒక చిన్న పాటను కళ్లు మూసుకుని వాయించి, ఆ రోజుకు వాద్యాన్ని పెట్టెలో పెట్టేయండి. ఆ దిద్దుబాటును రేపటి మొదటి పదిహేను నిమిషాలకు రాసి పెట్టుకోండి.